తురుంఖాన్ అంటే ఎవరు? గోళీ గుండుకూ కోసు గుండుకూ నడుమ తుర్రెబాజ్ ఖాన్ జీవితం



మెస్ ముందు లైనులో ఎవడైనా మధ్యలో దూరితే మనం అనే మాట ఒకటుంది. వాడు పెద్ద తురుంఖాన్ అనుకుంటున్నాడు అని. కబడ్డీలో ఒక్కడే లోపలికి పోయి దొరికిపోయినా అదే మాట. నేనూ చాలాసార్లు అన్నాను, నన్నూ అన్నారు. ఆ తురుంఖాన్ ఒక మనిషి అని, ఆయన మన హైదరాబాద్‌వాడే అని నాకు ఇంటర్ చదివేటప్పటిదాకా తెలియదు.

అప్పట్లో పాత పుస్తకాల కోసం మణికొండ నుంచి మెహిదీపట్నం పోయి, అక్కడ బస్సు మారి కోఠీలో దిగేవాళ్ళం. సగం ధరకు లెక్కల గైడు దొరికితే మిగిలిన డబ్బుతో మిర్చీబజ్జీలు. అట్లా తిరుగుతున్నప్పుడే అక్కడి ఒక రోడ్డుకు తుర్రెబాజ్ ఖాన్ పేరు ఉందని తెలిసింది. ఆ పేరే జనం నోళ్ళలో నలిగి తురుంఖాన్ అయిందని చాలామంది చెబుతారు. 1857లో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచిన మనిషి ఆయన. అప్పుడు మొదలైన ఆసక్తి ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

నేను ఇప్పుడు లెక్కలు చెప్పే పంతులును. కాబట్టి ఈయన కథను నాకు తెలిసిన దారిలో, అంటే ఒక సీసపు గుండు వెంటబడి చెబుతాను. ఓపిక పట్టండి. ఆ గుండు సంగతి తెలియకపోతే, ఢిల్లీ అవతల మీరట్‌లో రేగిన మంట మన పుత్లీబౌలి దాకా ఎట్లా వచ్చిందో సగమే అర్థమవుతుంది.

తుర్రెబాజ్ ఖాన్ హైదరాబాద్‌లోని బేగంబజార్ మనిషి. తండ్రి పేరు రుస్తుం ఖాన్. తుర్రెబాజ్ జమాదారు, అంటే కొందరు సాయుధులకు పెద్ద. ఆ కాలపు నగరంలో నిజాం సైన్యం ఒక్కటే కాదు, జాగీర్దార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర జీతానికి పనిచేసే అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు వీధికి ఒక గుంపుగా ఉండేవారు. రోహిల్లాలు అఫ్ఘాన్ మూలాలున్న పఠాన్లు. డబ్బిచ్చేవాడికి కాపలా, డబ్బు ఎగ్గొట్టినవాడికి భయం. వాళ్ళ భుజాన పొడుగు గొట్టపు తోడా తుపాకీ ఉండేది.

తోడా అంటే ఒత్తి. కాలుతున్న తాడు ఒత్తిని ఒక కొక్కేనికి పెట్టి, మీట నొక్కితే ఆ నిప్పు మందు మీదికి వంగుతుంది. గొట్టం మూతిలోంచి మందు పోయాలి, ఆపైన సీసపు గుండు వేయాలి, పొడుగు కడ్డీతో దట్టించాలి. మన అడవి ఊళ్ళలో భర్మార్ అని పిలిచే తుపాకీ కూడా మూతి నుంచి దట్టించేదే. మీలో ఆదిలాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్ళు తాతల నోట ఆ పేరు వినే ఉంటారు.

గుండు మాత్రం గోళం. అచ్చం మనం ఆడే గోళీలాంటిది. ఎందుకు గోళమే అంటే, అచ్చులో పోయడం తేలిక. ఇంట్లో కుంపటి మీద సీసం కరిగించి ఎవరైనా పోసుకోవచ్చు. గొట్టంలో ఎటు తిప్పి వేసినా ఒకటే. మరి ఇబ్బంది ఎక్కడ వచ్చింది? నున్నటి గొట్టంలో గుండు వదులుగా ఉండాలి, లేకపోతే నాలుగు సార్లు కాల్చేసరికి లోపల పట్టిన మసికి అది కిందికి దిగదు. ఈస్టిండియా కంపెనీ సిపాయీలు మోసిన బ్రౌన్ బెస్ రకం మస్కెట్ గొట్టం వెడల్పు 0.75 అంగుళం. అందులో వేసే గుండు సుమారు 0.69 అంగుళం. ఆ ఖాళీలో గుండు అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికి వస్తుంది. చివరిసారి ఏ వైపు గోడకు తగిలితే దాన్నిబట్టి దాని దారి. 100 గజాలు దాటితే గురి చూసి కొట్టామనడం కన్నా దేవుడి మీద భారం వేశామనడం నిజం. అందుకే సైనికులను భుజం భుజం రాసుకునేలా నిలబెట్టి అందరిచేతా ఒకేసారి కాల్పించేవారు.

దీనికి మందు చాలా కాలం ముందే దొరికింది. గొట్టం లోపల మర చుట్లలాగా గాడులు చెక్కితే గుండు గిర్రున తిరుగుతూ వస్తుంది. తిరిగే బొంగరం పడిపోదు కదా, అదే సూత్రం. అటువంటి తుపాకీయే రైఫిల్. కానీ గుండు ఆ గాడులను పట్టుకుంటేనే తిరుగుతుంది. దాని కోసం గుండును గొట్టం కన్నా కాస్త చిన్నదిగా పోసి, కొవ్వు లేదా నూనె రాసిన గుడ్డముక్కలో గానీ పలచటి తోలుముక్కలో గానీ చుట్టి కిందికి తోసేవారు. ఖాళీని గుడ్డ నింపుతుంది. గాడిని గుడ్డ పట్టుకుంటుంది, గుడ్డను పట్టుకుని గుండు తిరుగుతుంది. బయటికి రాగానే గుడ్డ విడిపోయి కింద పడుతుంది. ఉపాయం బాగుంది, గురి కూడా బాగుంది. అమెరికాలో వేటగాళ్ళు ఇటువంటి రైఫిళ్ళతోనే మస్కెట్‌కు అందని దూరంలో జింకలను పడగొట్టారు. బ్రిటిష్ వాళ్ళు 1800లో బేకర్ రైఫిల్ తెచ్చినప్పుడు దానికి ఇచ్చిందీ ఈ చుట్టిన గుండే.

అయితే బిగుతుగా ఉన్న గుడ్డ గుండును కిందికి దించడానికి సమయం పట్టేది. మస్కెట్ పట్టినవాడు నిమిషానికి మూడు సార్లు కాలిస్తే, వీడు ఒకటి రెండు సార్లు మాత్రమే. ఎదురుగా గుర్రాలు దూసుకొస్తుంటే కూర్చుని గుడ్డ చుట్టే తీరిక ఎవరికుంటుంది? కాబట్టి రైఫిల్ కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది.

ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నాల్లో ఒకదానికి దక్షిణాదితో సంబంధం ఉంది. 34వ బ్రిటిష్ రెజిమెంటులో కెప్టెన్ జాన్ నార్టన్ అనే ఆయన దక్షిణ భారతంలో ఉన్నప్పుడు ఇక్కడివాళ్ళు ఊదుగొట్టంతో చిన్న బాణాలు ఊదడం చూశాడట. బాణం అడుగున మెత్తటి బెండు. ఊదగానే గాలికి ఆ బెండు ఉబ్బి గొట్టానికి అతుక్కుంటుంది, గాలి పక్క నుంచి పోదు. ఆ ఆలోచనతోనే 1823లో ఆయన అడుగు బోలుగా ఉన్న పొడుగు గుండు చేశాడని తుపాకుల చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఆ రోజు ఊది చూపించిన మనిషి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

నార్టన్ గుండును వాళ్ళ సైన్యం పట్టించుకోలేదు. 1840ల చివరలో ఫ్రెంచి అధికారి మినియే అదే దారిలో పోయి గెలిచాడు. ఆయన గుండు అడుగున స్తంభం, పైన కోసు, అడుగు భాగంలో గుంట. గొట్టం కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి జారవిడిస్తే దిగుతుంది. మందు అంటుకోగానే ఆ ఒత్తిడికి గుంట అంచులు విచ్చుకుని గాడుల్లోకి ఒరుసుకుంటాయి. పోయేటప్పుడు సన్నం, వచ్చేటప్పుడు లావు. గుడ్డ చుట్టే పని లేదు, నిమిషానికి మూడు సార్లు కాల్చవచ్చు, గురి కూడా రైఫిల్ గురి.

ఇక్కడ పదో తరగతి తమ్ముళ్ళు పెన్ను తీయండి. ఘనపరిమాణాల పాఠంలో సీసపు గోళాన్ని కరిగించి శంకువులుగా పోస్తే ఎన్ని వస్తాయి అనే లెక్క ఉంటుంది కదా. నేను పిల్లలకు ఆ లెక్కను ఇట్లా మార్చి ఇస్తాను. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం 0.577 అంగుళం. అందులో గుడ్డ చుట్టి దించదగ్గ గోళం వ్యాసం 0.56 అంగుళం అనుకోండి, అంటే 1.42 సెంటీమీటర్లు. ఘనపరిమాణం కట్టి, సీసం సాంద్రత 11.34తో గుణిస్తే సుమారు 17 గ్రాములు వస్తుంది. అదే గొట్టంలో వేసిన అసలు ఎన్‌ఫీల్డ్ కోసు గుండు బరువు 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. గొట్టం అదే, బరువు రెండింతలు. గాలికి ఎదురయ్యే ముఖం అంతే ఉంది, వెనక నుంచి తోసే బరువు రెట్టింపయింది, పైగా ముక్కు కోసుగా ఉంది. అందుకే గోళం తొందరగా వేగం కోల్పోతే, ఇది చాలా దూరం వేగాన్ని నిలుపుకుంటుంది. ఎన్‌ఫీల్డ్ గురి పలక మీద 900 గజాల దాకా గుర్తులు పెట్టారంటే ఆ ధైర్యంతోనే.

కానీ తమ్ముళ్ళూ, కోసు గుండు అన్నింటా గెలిచిందనుకుంటే పొరపాటు. బరువు ఎక్కువ కాబట్టి అదే మందుతో అది బయల్దేరే వేగం తక్కువ, భుజానికి దెబ్బ ఎక్కువ. నెమ్మదిగా బయల్దేరిన బరువైన వస్తువు దూరం పోవాలంటే పైకి ఎగరాలి. 500 గజాలకు గురి పెట్టి కాలిస్తే నడిదారిలో అది ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డ ఇద్దరు మనుషులకన్నా ఎత్తులో పోతుంది. దూరం అంచనా తప్పితే శత్రువు తల మీదుగా దాటిపోతుంది. అందుకని ఇంగ్లండులోని హైత్‌లో దూరాలు అంచనా కట్టడం నేర్పే బడి పెట్టాల్సి వచ్చింది. దగ్గరలో, అంటే వంద గజాల లోపు, గుడ్డ చుట్టిన గోళం వేగంగా, తిన్నగా పోతుంది. సీసం సగమే ఖర్చు. వేటగాడికి అది చాలు. నన్నడిగితే, అడవిలో ఉండేవాడికి గోళమే లాభం, మైదానంలో బారులు తీరి పోరాడే సైన్యానికి కోసు గుండు లాభం. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనే మాట కాదు, ఎంత దూరం నుంచి ఎవరిని కొట్టాలన్నదే మాట.

ఇక కొవ్వు సంగతి. గుడ్డ చుట్టిన గుండుకూ కొవ్వు కావాలి, కోసు గుండుకూ కావాలి. లోపల పట్టే మసిని మెత్తబరచడానికి మరో దారి లేదు. తేడా ఎక్కడంటే, గుడ్డకు ఏం రాసుకోవాలో కాల్చేవాడి చేతిలో ఉండేది. ఎన్‌ఫీల్డ్‌కు వచ్చేసరికి మందూ గుండూ కలిపి కాగితపు గొట్టంలో చుట్టి, గుండు ఉన్న వైపు కొవ్వులో ముంచి కార్ఖానాలోనే తయారుచేసి ఇచ్చారు. సిపాయి రెండో చివరను పళ్ళతో కొరికి చింపి, మందు గొట్టంలో పోసి, కాగితంతో సహా గుండును లోపల పెట్టాలి. ఆ కొవ్వు ఏ జంతువుదో అతనికి ఎవరూ చెప్పలేదు. అది ఆవుది అని హిందువుకు, పందిది అని ముస్లింకు అనుమానం వచ్చింది. మన బడిపుస్తకాల్లో ఈ ముక్క అందరం చదివాం. కానీ కొవ్వు అసలెందుకు అన్నది పుస్తకంలో రాయలేదు, అందుకే ఇంత చెప్పాను.

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలైన గుసగుస అంబాలా, సియాల్‌కోట్ శిక్షణ కేంద్రాలకూ పాకింది. ప్రభుత్వం కంగారుపడి, మీకు నచ్చిన నూనె మీరే రాసుకోండి అని, పళ్ళతో వద్దు చేత్తో చింపండి అని సర్దిచెప్పబోయింది. ఆలస్యమైపోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది రౌతుల్లో 85 మంది తూటాలు ముట్టుకోం అన్నారు. విచిత్రమేమిటంటే వాళ్ళకు ఆ రోజు ఇచ్చినవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, ఎప్పుడూ వాడే పాతరకం తూటాలే. అప్పటికే నమ్మకం పోయింది, తూటా ఏదైనా ఒకటే అయింది. మే 10న మీరట్ లేచింది, మర్నాడు ఢిల్లీ.

మన హైదరాబాద్‌లో అప్పుడు ఏం జరుగుతోంది? మే 16న నాలుగో నిజాం నాసిరుద్దౌలా చనిపోయి, కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను సాలార్‌జంగ్ 1853 నుంచి పదవిలో ఉన్నాడు, ఇంకా ముప్పై ఏళ్ళు నిండని యువకుడు. రెసిడెంటు కల్నల్ డేవిడ్‌సన్. ఇంగ్లీషువాళ్ళ అధికారుల కింద నడిచే హైదరాబాద్ కాంటింజెంట్ సైన్యం జీతాల బాకీ పేరు చెప్పి 1853లోనే బేరార్‌ను, రాయచూరు దోఆబ్‌ను వాళ్ళు తీసేసుకున్నారు. ఆ మంట జనంలో ఉంది. జూన్‌లో నగరం గోడల మీద తిరుగుబాటుకు పిలుపునిస్తూ కాగితాలు వెలిశాయి.

ఆ సమయంలో ఔరంగాబాద్ వైపు కాంటింజెంట్ గుర్రపు దళంలో అలజడి పుట్టింది. సొంతవాళ్ళ మీద పోరాడటానికి ఉత్తరాదికి పోం అన్నారు. వారిలో జమాదారు చీదాఖాన్, మరికొందరు తప్పించుకుని, నిజాం నీడన రక్షణ దొరుకుతుందనుకుని హైదరాబాద్ చేరారు. సాలార్‌జంగ్ వాళ్ళను పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. శరణు కోరి వచ్చినవాళ్ళను అప్పగించడం నగరానికి తలవంపులుగా తోచింది.

1857 జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో ప్రార్థనల తర్వాత జనం గుమిగూడారు. చీదాఖాన్‌ను, అతని తోటివారిని విడిపించాలన్నది కోరిక. అది నెరవేరే దారి కనిపించలేదు. అప్పుడు మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ కలిసి మూసీ అవతలి రెసిడెన్సీ మీదికి బయల్దేరారు. వెంట నడిచిన సాయుధులు ఐదు వందల మంది దాకా ఉంటారని లెక్క, ఎక్కువమంది రోహిల్లాలు. దారిలో కలిసిన మామూలు జనం సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈ కబురు వాళ్ళకన్నా ముందే రెసిడెన్సీకి చేరింది. పంపింది సాలార్‌జంగే. డేవిడ్‌సన్ గోడల వెంట సైనికులను, మద్రాసు ఫిరంగి దళాన్ని సిద్ధంగా నిలబెట్టుకున్నాడు.

తుర్రెబాజ్ ఖాన్ చేసింది గుడ్డి సాహసం కాదని నా అభిప్రాయం. ఆయన తిన్నగా బహిరంగంగా పోయి గోడకు ఢీకొనలేదు. రెసిడెన్సీ ఎదుటే పుత్లీబౌలి వైపు అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల పెద్ద ఇళ్ళు ఉన్నాయి. వాటిని పట్టుకుని పైఅంతస్తుల్లో తన మనుషులను పెట్టాడు. అక్కడి నుంచి రెసిడెన్సీ ఆవరణ కళ్ళముందే కనిపిస్తుంది. రోడ్డు అవతలే గోడ. అంత దగ్గరలో తోడా తుపాకీలోంచి వచ్చే గోళీ గుండుకూ, ఎన్‌ఫీల్డ్ కోసు గుండుకూ తేడా ఏమీ ఉండదు. 900 గజాల గుర్తులు అక్కడ దేనికి పనికొస్తాయి? గోడ చాటు, కిటికీ సందు, ఎత్తు, ఈ మూడూ రోహిల్లాల వైపే ఉన్నాయి. దేశమంతా ఏ కొత్త తూటా పేరుతో అంటుకుందో ఆ తూటా గొప్పతనమంతా ఆ రోడ్డు వెడల్పులో రద్దయిపోయింది.

రద్దు కానిది ఫిరంగి. చిన్న చిన్న గుండ్లను గుత్తిగా డబ్బాలో నింపి ఫిరంగితో కాలిస్తే మూతి దాటగానే అవి చెల్లాచెదురుగా విరజిమ్ముతాయి. అవీ గోళాలే. గాడులు లేవు, గురి లేదు, గురి అక్కర్లేదు కూడా. ముందు ఎవరుంటే వాళ్ళే. రెసిడెన్సీ తలుపు ఒకటి విరగ్గొట్టి లోపలికి రాబోయినవాళ్ళను అవే ఆపాయి. ఆ తర్వాత రాత్రంతా ఇళ్ళ కిటికీలకూ గోడకూ నడుమ కాల్పులు సాగాయి. తెల్లవారుజాముకు రోహిల్లాలు వెనక వైపు నుంచి జారుకున్నారు. నగరంలోంచి రావలసిన తోడు రాలేదు. సాలార్‌జంగ్ ఎక్కడికక్కడ తన అరబ్బు కాపలాలు పెట్టించాడు. తోడా తుపాకీ ఓడిపోయింది కోసు గుండు చేతిలో కాదు. ముందుగా చేరిన కబురు చేతిలో, ఫిరంగి చేతిలో.

కొద్ది రోజుల్లోనే తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, అప్పటికే గాయపడి ఉన్నాడు. అల్లావుద్దీన్ ఎక్కడున్నాడో చెప్పమని ఎంత అడిగినా నోరు విప్పలేదని చెబుతారు. విచారణ జరిపి యావజ్జీవం ద్వీపాంతర శిక్ష వేశారు. అంటే అండమాన్.

అండమాన్ ఓడ ఎక్కించకముందే, 1859 జనవరి 18న ఆయన జైలు నుంచి తప్పించుకున్నాడు. కాపలావాళ్ళ సాయం లేకుండా అది జరిగే పని కాదు. పట్టిచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ రోజుల్లో అది ఒక ఊరిని లేపే సొమ్ము. ఆరు రోజులు తిరిగాడు. జనవరి 24న తూప్రాన్ దగ్గర, అక్కడి తాలూక్‌దారు మీర్జా కుర్బాన్ అలీ బేగ్ మనుషుల చేతిలో చనిపోయాడు. శవాన్ని హైదరాబాద్ తెచ్చి, రెసిడెన్సీ దగ్గర నలుగురూ చూసేలా వేలాడదీశారు. మెదక్ వైపు నుంచి సెలవులకు ఇంటికి పోయే తమ్ముళ్ళు తూప్రాన్ మీదుగానే పోతారు. బస్సు ఆగినప్పుడు టీ తాగుతూ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

మౌల్వీ అల్లావుద్దీన్ కూడా తర్వాత దొరికాడు. ఆయనను 1859లో అండమాన్ పంపారు, అక్కడే కన్నుమూశాడు. 1860లో ఇంగ్లీషువాళ్ళు నిజాంకు రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ తిరిగిచ్చి, 50 లక్షల అప్పు రద్దు చేశారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు. రెసిడెన్సీ గోడలకు కొత్తగా బురుజులు కట్టించారు.

గుండు కథకు కూడా ఒక ముక్క మిగిలింది. ఏ కొత్త రైఫిల్‌కు సిపాయీలను అలవాటు చేయబోయి ఇంత రగడ తెచ్చుకున్నారో, తిరుగుబాటు అణిగాక ఆ రైఫిల్‌ను సిపాయీలకు ఇవ్వడానికి దొరలకు మనసొప్పలేదు. 1858 నమూనా అని ఒకటి చేయించారు. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల గాడులు ఉండవు, నున్నటి గొట్టం. ఇంగ్లీషు సోల్జరుకు గాడుల రైఫిల్, దేశీ సిపాయికి పాతరకం మస్కెట్. పక్కపక్కన నిలబడితే రెండూ ఒకలాగే కనిపిస్తాయి, ఒకటి 500 గజాలు కొడుతుంది, ఇంకొకటి 100 గజాలు. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. యూనిఫాం ఒకటే, పుస్తకం వేరు అన్నట్టుంది ఆ ఏర్పాటు. 1878లో ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా జనం చేతిలో తుపాకీ ఉండటం నేరమైపోయింది. అడవి ఊళ్ళలో మాత్రం మూతి నుంచి దట్టించే తుపాకులు, ఇంట్లో పోసుకున్న గోళీ గుండ్లు మిగిలాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం వెంట ఉన్న గోండుల చేతుల్లోనూ కొన్ని అటువంటివే.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు మణికొండ చుట్టూ బండలు పేల్చేవాళ్ళు. ఢాం అనగానే కిటికీ రెక్కలు కదిలేవి, పరీక్షలకు చదువుతూ ఉలిక్కిపడి మళ్ళీ పుస్తకంలో తల దూర్చేవాళ్ళం. ఇప్పుడు ఆ బండలు లేవు, వాటి చోట ఆకాశానికి నిచ్చెన వేసినట్టు మేడలు. అప్పుడే ఒకసారి మమ్మల్ని సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళారు. గంట కొట్టే గడియారం బొమ్మ దగ్గరే అందరం గుంపుకట్టాం. ఆయుధాల గదిలో పొడుగు గొట్టపు తోడా తుపాకులు వరసగా పెట్టి ఉన్నా ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆ మ్యూజియం వస్తువులు పోగుచేసిన మూడో సాలార్‌జంగ్, రెసిడెన్సీకి కబురు పంపిన దివాను మనుమడే. ఈసారి టూరుకు పోయే తమ్ముళ్ళు గడియారం దగ్గరికి ఒక పావుగంట ముందు చేరండి. మిగిలిన సమయంలో ఆ తుపాకుల మూతి దగ్గర నిలబడి లోపల గాడులు ఉన్నాయో లేవో తొంగి చూడండి. ఉంటే రైఫిల్, లేకపోతే మస్కెట్.

కోఠీలోని రెసిడెన్సీ భవనం మాత్రం చాలామందికి తెలుసు. స్వాతంత్ర్యం తర్వాత అది కోఠీ ఉమెన్స్ కాలేజీ అయింది, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024 నుంచి దాని పేరు చాకలి ఐలమ్మ విశ్వవిద్యాలయం. మన హాస్టళ్ళలో చదివిన అక్కచెల్లెళ్ళు ఎంతమందో ఆ గేటులోంచి రోజూ లోపలికి పోయి డిగ్రీ చదువుకున్నారు. తుర్రెబాజ్ ఖాన్ విరగ్గొట్టబోయింది ఆ ఆవరణ తలుపునే. బయట కోఠీ బస్టాపుల దగ్గర 1857 అమరుల స్మారకం ఉంది. చుట్టూ చెప్పుల బండ్లు, కూరగాయల తట్టలు, ఆటోలు ఉంటాయి కాబట్టి వెతికితేనే కనిపిస్తుంది. పాత పుస్తకాల దుకాణాల నుంచి నడిచిపోయేంత దూరమే.